టీపాయి కోసం, తుంగభద్ర నుంచి పెన్న దాకా

కర్నూలులో పాత బల్ల కొనేవాళ్లు మొదట దాని పాదాలు చూడాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి పాతబస్తీని ముంచెత్తాయి. అంత వరదలో నానిన ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోతుంది. పైన పల్చటి చెక్క అతికించిన సామాను బుడగలు లేచి ఊడిపోతుంది. చేవ ఉన్న టేకుతో చేసి, కుసి దిగగొట్టి బిగించిన బల్ల మాత్రం ఆరాక మళ్లీ నిలబడుతుంది. కాలి మీద నల్లటి నీటి గీత ఒక్కటే మిగులుతుంది. ఆ గీత ఉందని బల్లను వద్దనుకోనక్కర్లేదు. గీత కింద గోరు గుచ్చితే దిగకపోతే, నాలుగు కాళ్లూ నేలకు ఆనితే, అది ఏ అంగడివాడి హామీ కంటే పెద్ద హామీ.

కడపలో కొత్తగా ఇల్లు కట్టుకున్న భార్యాభర్తలు ఇద్దరూ ఒక తమ్ముడి పికప్ బండి తీసుకుని ఈ ఊరికి వచ్చింది రెండు చిన్న బల్లల కోసం. ఒకటి హాల్లో సోఫా పక్కకు. రెండోది అత్తగారి మంచం పక్కకు: మందులు, చెంబెడు నీళ్లు, కళ్లజోడు, రాత్రిపూట వినే రేడియో పెట్టుకోడానికి. కొత్తవి దొరకక కాదు. వాళ్ల బంధువుల ఇంట్లో కోస్తా పట్టణం నుంచి తెచ్చిన అందమైన బల్ల ఒకటి, కడపలో మొదటి వేసవికే పైచెక్క నిలువునా చీలింది. అప్పటినుంచీ భార్యకు ఒకటే పట్టుదల: ఈ ఎండను ఇప్పటికే చూసిన బల్లే కొనాలి.

ఆమె చెప్పేదాంట్లో శాస్త్రముంది. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. వదిలినప్పుడు కుంచించుకుపోతుంది. అయితే నార పొడవునా దాదాపు కుంచించుకోదు, నారకు అడ్డంగానే కుంచించుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో చేసిన బల్లను నడివేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలుకో కడపకో తెస్తే, దాని వెడల్పు తగ్గాలని చూస్తుంది. మేకులూ జిగురూ దాన్ని కదలనివ్వకపోతే చీలుతుంది. ఇక్కడే యాభై, అరవై వేసవులు గడిపిన బల్ల కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుంది. చీలాల్సింది ఉంటే చీలిపోయి కళ్లముందే కనబడుతుంది. రాయలసీమ ఇళ్లకు పాతబల్ల నప్పడానికి అందం కంటే ముందు చెప్పుకోవాల్సిన కారణం ఇదే.

ఈ గుణంతోనే వయసును కూడా పసిగట్టవచ్చు. గుండ్రటి పైచెక్క ఉన్న టీపాయి కనబడితే టేపు తీసి నార పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. చేసిన నాడు అది చక్కటి గుండ్రం. ఏళ్లు గడిచేకొద్దీ అడ్డం కొలత తగ్గి, కంటికి తెలియనంతగా కోడిగుడ్డు ఆకారం వైపు జరుగుతుంది. రెండు కొలతలకూ అర సెంటీమీటరు తేడా ఉంటే సంతోషించాలి. వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా గుండ్రంగా ఉన్న ‘వందేళ్ల’ బల్లను అనుమానించాలి.

పాతసామాన్ల అంగట్లో పని చేసే పెద్దాయన ఒకరు, వాళ్లు పైచెక్క మీద చెయ్యి వేసి నిమురుతుంటే అన్న మాట ఇది: “పైన సూస్తే ఏమొస్తాది అన్నా? బోర్ల తిప్పి సూడు.”

తిప్పితే బోలెడు తెలుస్తుంది. పైభాగం ఉప్పుకాగితం పట్టి, లక్క పాలిష్ కొట్టి ఎన్నిసార్లయినా కొత్తది చేయవచ్చు. అడుగుభాగాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అది అబద్ధం చెప్పదు. చేతి రంపంతో కోసిన చెక్క మీద గీతలు సూటిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మరరంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. బాడిస, చిత్రిక నడిచిన చోట వేలితో తడిమితే చిన్న చిన్న అలలు తగులుతాయి. సొరుగు ఉంటే పూర్తిగా బయటికి లాగి, పక్కచెక్కలు ముందుచెక్కలో ఎలా కలిశాయో చూడాలి. చేత్తో కోసిన కుసులు ఒకదానికొకటి సరిసమానంగా ఉండవు. స్క్రూల తలలు కూడా చూడాలి. ప్లస్ గుర్తు ఉన్న స్క్రూ 1930ల్లో అమెరికాలో పుట్టింది, మన ఊళ్లకు ఆ తర్వాతే వచ్చింది. 1839లో ఈస్టిండియా కంపెనీవాళ్లు పదవి నుంచి దించేసిన కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కాలపు బల్ల అని చెప్పి ప్లస్ స్క్రూలు చూపిస్తే, ఒకటే జవాబు: మరమ్మతు ఎప్పుడు జరిగిందో చెప్పమనడం. చెప్పలేకపోతే బేరం అక్కడితో ఆపడం.

ఇంకో సంగతి. చెక్కలో గుండుసూది మోపినంత బెజ్జాలు కనిపించగానే భయపడకూడదు. బల్లను నాలుగుసార్లు గట్టిగా తట్టి, కింద పరిచిన పేపరు మీద పిండిలాంటి పొడి రాలుతుందేమో చూడాలి. రాలితే పురుగు ఇంకా లోపల ఉంది. రాలకపోతే అది పాత గాయం. చెద సంగతి వేరు. చెద కాలిని లోపల గుల్ల చేస్తుంది, పైన ఏమీ కనిపించదు. వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినడమే మార్గం.

ఆ అంగట్లోనే కాళ్లు మడిచే బల్ల ఒకటి గోడకు ఆనించి ఉంది. మూలలకు ఇత్తడి రేకులు, చెక్కలోపలికే కూర్చున్న పిడి. ఈ తరహా సామాను గురించి కర్నూలులో మాట్లాడుకోవడానికి రెండు గట్టి కారణాలున్నాయి.

మొదటిది మన్రో. దత్త మండలాలు 1800లో కంపెనీ చేతికి వచ్చాక, 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా గుడారాలు వేసుకుంటూ జమాబందీ చేశాడు. తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాక, 1827 జూలై 6న ఇదే సీమలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అలా గుడారాల్లో బతికే అధికారుల కోసమే కాళ్లు మర తిప్పి ఊడదీసే, మడిచి ఎద్దులబండి మీద వేసే క్యాంపు ఫర్నిచర్ పుట్టింది. ఇత్తడి మూలలు అలంకారం కోసం పెట్టినవి కావు. బండి కుదుపులకు చెక్క అంచులు విరగకుండా ఉండటానికి పెట్టినవి. పిడి లోపలికి ఉండటం కూడా ఒకదాని మీద ఒకటి పేర్చడానికే.

రెండోది రాజధాని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, ఉన్న భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, ఉద్యోగులు కాపురాలు చేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయే దాకా అదే తీరు. మడతబల్ల, మడతకుర్చీ, ట్రంకుపెట్టె ఉంటే చాలు, అక్కడ ఆఫీసు ఉన్నట్టే. గోడకు ఆనించిన ఆ బల్ల మన్రో నాటిదో, గుడారాల రాజధానిదో, మరే పెళ్లిపందిరి సామానో తేల్చే కాగితం ఏదీ లేదు. అయినా వాళ్లు దాన్నే తీసుకున్నారు. కారణం కథ కాదు: మడత దగ్గరి ఇత్తడి ఇరుసు అరగలేదు, చెక్క టేకు, ఎత్తు అత్తగారి పరుపుతో సరిగ్గా సమానం. మంచం పక్క బల్లకు ఎత్తే ప్రాణం. పరుపు కంటే ఎత్తుగా ఉంటే పడుకున్న మనిషి చెయ్యి పైకి లేపి తడుముకోవాలి, గ్లాసు తగిలి పడిపోతుంది. మరీ పల్లంగా ఉంటే వంగాలి. డెబ్బై దాటినవాళ్లకు ఆ వంగడమే ప్రమాదం.

కర్నూలు దాటి బేతంచెర్ల దారి పట్టగానే బండి కిటికీలోంచి కనిపించేదంతా రాయి. రోడ్డుకు రెండు పక్కలా పలకలు నిలువుగా పేర్చి ఉంటాయి, పాలిష్ మిషన్ల చప్పుడు దూరం నుంచే వినబడుతుంది. బేతంచెర్ల బండలు లేని ఇల్లు ఈ జిల్లాల్లో వెతికి చూడాలి. నేల మీద, అరుగు మీద, వంటింటి గట్టు మీద, అటకల మీద అవే. ఇంకాస్త దక్షిణాన జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు దొరికే నల్లటి పలకకు దేశమంతా కడపరాయి అనే పేరు. భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతపు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అప్పటినుంచి కడప, కర్నూలు అనేవి ఊళ్ల పేర్లే కాక శిలాశ్రేణుల పేర్లు కూడా అయ్యాయి.

పక్కబల్ల ప్రయాణంలో రాయి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. సీమకు సొంతమైన పాత బల్ల అంటూ ఒకటుంటే, చెక్క కాళ్ల మీదో ఇనుప చట్రం మీదో కూర్చోబెట్టిన ఈ రాతిపలకే. ఎండకు చీలదు, చెద పట్టదు, వేడి గిన్నె దించినా మచ్చ పడదు. ఇది సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. అందుకే యంత్రాలు రాకముందు కూడా ఉలి, సుత్తి పెట్టి పొర వెంబడి పలకలుగా విడదీయగలిగారు. పాత పలకనూ కొత్తదాన్నీ వేరుచేసేది కూడా ఆ పొరే. చేత్తో విడదీసిన పలక అడుగు ఎగుడుదిగుడుగా, సహజంగా ఉంటుంది, అంచుల మీద ఉలి కాట్లు వరసగా కనిపిస్తాయి. మిషను మీద కోసినది రెండు వైపులా ఒకే మందం. అరవై ఏళ్లుగా మనుషులు కూర్చుని లేచిన అరుగుబండకు వచ్చే మెత్తటి నిగారింపు ఏ పాలిష్ పొడికీ రాదు. పాత మట్టిమిద్దెలు కూల్చేటప్పుడు దూలాలు, దంతెలు, వాకిళ్లు ముందు అమ్ముడుపోతాయి. అరుగుబండలు చాలాసార్లు పునాదిలో పోసే రాళ్లతో కలిసిపోతాయి. ఇది నిజంగా బాధపడాల్సిన నష్టం. ఇల్లు కూలుస్తున్నవాళ్లను అడిగితే ఒక మంచి బండ చాలా తక్కువకే దొరుకుతుంది.

బరువు మాత్రం ముందే లెక్కేసుకోవాలి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక సుమారు 11 కిలోలు తూగుతుంది. సన్నటి తరిమెన కాళ్ల టీపాయి మీద దాన్ని పెడితే కుసులు వదులవుతాయి. పాత కుట్టుమిషను పోత ఇనుప స్టాండ్లు దీనికి బాగా పనికొస్తాయి. అయితే వాటి ఎత్తు సోఫాకు ఎక్కువ, గోడ పక్క బల్లగానే బాగుంటాయి.

బనగానపల్లెలో ఆగినప్పుడు వాళ్లకు వినబడిన మాట ఊహించినదే: ప్రతి పాత కుర్చీ, ప్రతి బల్ల నవాబుల బంగళాదేనట. బనగానపల్లె 1948 వరకు సంస్థానం. యాగంటి దారిలోని నవాబుల బంగళా 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాతో రాష్ట్రమంతా తెలిసిపోయింది. ఒక చిన్న బంగళాలో అన్ని వందల బల్లలు పట్టవు. పాత ఫొటోనో, వేలం రసీదో, ఇంటివాళ్ల చేతిరాతో చూపగలిగితేనే ఆ పేరుకు డబ్బు ఇవ్వాలి. లేకపోతే చెక్కకు, పనితనానికి ఇచ్చి ఊరుకోవాలి.

అక్కణ్నుంచి కొలిమిగుండ్ల మీదుగా వెళ్తే బెలుం గుహలు. బల్ల కొనడానికి వచ్చినవాళ్లు గుహలోకి ఎందుకు దిగాలి అంటే, కడపరాయి గురించి అంతకంటే మంచి పాఠం ఇంకెక్కడా లేదు కాబట్టి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన ఈ గుహల్లో ఇప్పటిదాకా కొలిచిన దారి పొడవు 3,229 మీటర్లు. ఇదంతా తవ్వింది నీళ్లు. వాన నీటిలో గాలి నుంచీ మట్టి నుంచీ చేరే కొద్దిపాటి ఆమ్లం సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు కరిగిస్తూ పోయింది. ఇంట్లో రాతిబల్ల మీద నిమ్మకాయ షర్బతు ఒలికినా, చింతపండు పులుసు చుక్క పడినా జరిగేది అదే పని, చిన్న కొలతలో. నలుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. అమ్మేవాడు ‘నల్ల గ్రానైటు’ అని చెప్తుంటే పలక అడుగున ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూస్తే సరి. గ్రానైటుకు ఏమీ కాదు. సున్నపురాయి మీద కాసేపటికి నిగారింపు చచ్చిపోతుంది.

దారిలో యర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఉంది. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన, క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే తొలి తెలుగు శాసనం ఆ ఊరిదే. విరిగిన రాతి స్తంభం మీద కొన్ని వరుసలు. ఈ నేల మీద అలాంటి రాళ్లు, వీరగల్లులు పొలం గట్లలో ఇప్పటికీ బయటపడుతుంటాయి. అందుకే పాత రాతిపలక మీద అక్షరమో, చెక్కిన బొమ్మో కనిపిస్తే దాన్ని బల్లగా మార్చుకునే ఆలోచన అక్కడితో మానాలి. పురావస్తు శాఖకు చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలు, చేతిపని వస్తువులు పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తీసుకెళ్లడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి బల్ల పంపాలనుకునేవాళ్లు ఓడకు ఎక్కించే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. అంగళ్లలో దొరికే టీపాయిల్లో ఎక్కువ భాగం యాభై, అరవై ఏళ్లవే కాబట్టి, ఇంట్లో వాడుకునేవాళ్లకు ఈ చిక్కు పెద్దగా రాదు.

ప్రొద్దుటూరులో సోఫా పక్క బల్ల దొరికింది. బంగారం అంగళ్ల ఊరు అది. పాత తరహా అంగట్లో సావుకారు పరుపు మీద కూర్చుంటే ముందు గల్లాపెట్టె, పక్కన గుమాస్తాకు వాలుగా ఉండే రాతబల్ల ఉండేవి. కుర్చీలు, కౌంటర్లు వచ్చాక అవి మూలన పడ్డాయి. గల్లాపెట్టె ఎత్తు నేల మీద కూర్చునే మనిషికి సరిపడా ఉంటుంది కాబట్టి సోఫా పక్కన అలాగే పెడితే పల్లమవుతుంది. సోఫా చేతి ఎత్తు ఎంతో, బల్ల అంతే ఉండాలి, లేదా ఒకటి రెండు అంగుళాలు తగ్గాలి. ఆమె కొలత రాసిన కాగితం ఇంటి నుంచే తెచ్చుకుంది: 23 అంగుళాలు. పెట్టె 13. కింద పది అంగుళాల స్టాండు చేయిస్తే చాలని వాళ్లు లెక్క తేల్చుకున్నారు. పెట్టెకు కొత్త మేకులు కొట్టకుండా, ఊరికే స్టాండు మీద కూర్చోబెట్టేలా చేయించడం మంచి పని. రేపు ఎవరైనా మళ్లీ గల్లాపెట్టెగా చూడాలనుకుంటే చూడవచ్చు.

మైదుకూరు దగ్గరి వనిపెంట ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు. పెద్ద ఇత్తడి తాంబాళాన్ని మడత స్టాండు మీద పెడితే అదీ పక్కబల్లే. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టు. ఇత్తడిని చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, అదే చింతపండు కడపరాయిని పాడుచేస్తుంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటే పనిమనిషికి ముందే చెప్పాలి.

కడప చేరే ముందు ఒక పాత సామాన్ల అంగట్లో ముదురు ఎరుపు రంగు ముక్కాలిపీట చూపించి “ఇది ఎర్రచందనం సార్” అన్నాడు కుర్రవాడు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల. 1995 నుంచి దీని అంతర్జాతీయ వాణిజ్యం సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలో ఉంది. రాష్ట్రంలో అటవీశాఖ కాగితాలు లేకుండా దీన్ని తరలించడం నేరం. కుర్రవాడు చూపించింది బహుశా రంగు వేసిన వేపచెక్క. నిజమైన ఎర్రచందనం చేవ చాలా బరువు, చిన్న ముక్క నీళ్లలో మునుగుతుంది. రెండిట్లో ఏది నిజమైనా జవాబు ఒకటే. రంగు వేసినదైతే మోసం, అసలుదైతే కాగితాలు లేనిది. ఆ పీట అక్కడే ఉండిపోయింది.

దాని పక్కనే ఇంకో అందమైన వస్తువు ఉంది. ఒకే పలకలోంచి రెండు రెక్కలు మడతపడేలా కోసిన పుస్తకపీఠం. హిందువుల ఇళ్లలో వ్యాసపీఠం, ముస్లింల ఇళ్లలో రేహల్. పనితనం రెండిట్లోనూ ఒకటే: మేకు లేదు, అతుకు లేదు, చెక్కే తనలో తాను కీలుగా తిరుగుతుంది. పెద్ద దర్గా ఉన్న కడపలో, దేవుని కడప ఉన్న కడపలో ఇవి రెండు రకాల ఇళ్ల నుంచీ వస్తాయి. దాని మీద చిన్న పళ్లెం పెట్టి టీ బల్లగా వాడమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ పని చేయకూడదు. ఖురాన్‌నో భాగవతాన్నో మోసిన పీఠం మీద కప్పు వలయాలు పడటం చూడలేం. కొంటే పుస్తకం పెట్టుకోడానికే కొనాలి.

పాత బల్లను ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని తక్కువే. మెషీన్ పట్టి పైపొర గీకేస్తే దాని వయసంతా పోతుంది. సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక అవిసె నూనె పలచగా రెండు పూటలు పట్టిస్తే చాలు. నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. విప్పి తీగ మీద ఆరేయాలి. మొదటి వేసవి కూలరు గాలి నేరుగా బల్ల మీదికి కొట్టకుండా చూసుకోవాలి. సీమ ఎండకు అలవాటు పడ్డ చెక్కకు రాత్రంతా తడిగాలి, పగలంతా పొడిగాలి తగిలితే అదొక కొత్త కష్టం.

వాళ్లు యర్రగుంట్లలో ఒక అరుగుబండ పలక కూడా కొన్నారు. దాన్ని బండిలోకి ఎక్కించేటప్పుడు భర్త అడుగున పరిచిన గోనెసంచి మీద పడుకోబెట్టబోయాడు. పలకలు ఎత్తే కూలీ ఆపాడు. పడుకోబెట్టిన పలక గుంతలో బండి ఎగిరితే మధ్యలో విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి, కొద్దిగా వాల్చి, మధ్యలో గడ్డి కుక్కి, పక్క చట్రానికి తాడుతో కట్టాలి. అలాగే కట్టారు. మడతబల్ల, ఆ తర్వాత గల్లాపెట్టె దానికి ఎదురు వైపు ఎక్కాయి.